మధ్యవర్తిత్వం ఒక అమానత్

మొదటి ఖుత్బా

మనకు ఉనికిని, ఉపాధిని, తల దాచుకొనే నీడను ప్రసాదించిన అల్లాహ్‌కే సకల స్తుతులు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా మనకూ, మీకూ హితవు చెప్పుకుంటున్నాము. తఖ్వా నమాజు చాప మీదనే కాదు, బయానా సొమ్ము చేతులు మారే చోట కూడా పరీక్షకు గురవుతుంది. నేటి ప్రసంగాంశం ఆ పరీక్షే.

2017 నవంబరులో మెట్రో రైలు మన ఉప్పల్ మీదుగా నడవసాగింది. 2019లో ఉప్పల్ భగాయత్ ప్లాట్లను హెచ్ఎండీఏ ఈ-వేలంలో విక్రయించింది. నాచారం పారిశ్రామికవాడ చుట్టూ పనిచేసుకొని బతికే కుటుంబాలు కూడా ఇక్కడే ఒక చిన్న ఇల్లు కావాలని కోరుకుంటాయి. గజాల లెక్కన అమ్ముడయ్యే నేల కొద్ది, అడిగేవారు అనేకులు. ఉదయం చూసిన ఇల్లు సాయంత్రానికి మరొకరి పాలవుతుంది. ఇటువంటి సమయంలో సామాన్యుడు మధ్యవర్తి తలుపు తడతాడు. ఏ గల్లీలో ఏ ఇల్లు అమ్మకానికి ఉన్నదో, దాని కాగితాలు ఎలా ఉన్నవో అతనికి తెలుసు. ఇరవై ఏళ్ల పొదుపు, ఇల్లాలి నగలు అమ్మగా వచ్చిన సొమ్ము అతని ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి.

ఈ వృత్తి ధర్మసమ్మతమేనా? సమ్మతమే. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన హదీసు సంకలనంలో మధ్యవర్తి ప్రతిఫలానికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి పూర్వ విద్వాంసులు అందులో తప్పు లేదని భావించినట్లు పేర్కొన్నారు. అయితే వర్తకంలో వ్యర్థపు మాటలూ, ప్రమాణాలూ చొరబడతాయి కనుక దానధర్మాలతో దానిని శుద్ధి చేసుకోమని దైవప్రవక్త (స) బజారులోని వారికి ఉపదేశించారు.

మధ్యవర్తికి ఆదర్శం కావాలంటే హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) వృత్తాంతం చాలు. గొర్రెను కొని తెమ్మని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదానిని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ రెండింటినీ తెచ్చి అప్పగించారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. అప్పగించిన పనిలో వచ్చిన లాభం అప్పగించినవానిదే అని ఆ సహాబీ ఎరిగి ఉన్నారు.

ఇప్పుడు మన వీధులలోని పద్ధతిని చూద్దాము. యజమాని అరవై లక్షలు చాలునంటాడు. మధ్యవర్తి కొనేవానికి అరవై నాలుగు అని చెబుతాడు. నడుమనున్న నాలుగు లక్షలు నిశ్శబ్దంగా తన జేబులో వేసుకొని, పైపెచ్చు ఇరువైపులా కమీషన్ కూడా స్వీకరిస్తాడు. ముందుగా నిర్ణయించుకొని, అందరికీ తెలిసేలా తీసుకున్న కమీషన్ హలాల్ కూలి. దాచి తీసుకున్నది ఖియానత్. ఇరువైపులా తీసుకొనేవాడు ఆ సంగతి ఇరువురికీ ముందే చెప్పాలి.

రెండవది, లేని పోటీని సృష్టించడం. “సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు, లక్ష ఎక్కువ ఇస్తామన్నారు” అనే మాట నిజమైతే అది సమాచారం, కల్పితమైతే అదే దైవప్రవక్త (స) నిషేధించిన నజష్. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే నోరు తెరవడం ఒక కుటుంబాన్ని అప్పులోకి తోయడమే.

మూడవది, లోపాన్ని దాచడం. పైన పొడి ధాన్యం, లోపల తడిసిన ధాన్యం ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో మనకు తెలుసు. రంగు వేసిన గోడ వెనుక చెమ్మను, వారసుల నడుమ నలుగుతున్న దావాను దాచడం కూడా అటువంటిదే.

కొనేవారలారా! మన బాధ్యతలూ ఉన్నాయి. మధ్యవర్తి పది ఇళ్లు తిప్పి చూపించిన తరువాత, అతణ్ణి తప్పించి యజమానితో చాటుగా బేరం కుదుర్చుకోవడం కూలివాని కూలిని ఎగవేయడమే. అలాగే బహిరంగ వేలంలో ధర పెంచడానికి అనుమతి ఉన్నది. కాని ఒక సోదరునితో బేరం ఖాయమైన ఇంటికి ఎక్కువ ధర చూపి దానిని విడగొట్టడం నిషిద్ధం. మార్కెట్‌లో పోటీ ఎంత తీవ్రమైనా ఈ హద్దు చెరిగిపోదు.

రెండవ ఖుత్బా

సోదరులారా! తవక్కుల్ అంటే ఒంటెను కట్టివేసిన తరువాతి నమ్మకం. అప్పు లావాదేవీలను వ్రాసుకొని సాక్షులను నిలుపుకోమని అల్ బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. కనుక నోటిమాట మీద, రశీదు లేకుండా బయానా ఇవ్వకండి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు న్యాయవాదికి చూపించండి. అది వక్ఫ్ భూమి కాదని రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత ఆస్తుల జాబితాలో సరిచూసుకోండి. అల్లాహ్ పేర వదిలిన నేల మీద కట్టుకున్న ఇంటిలో బర్కత్ ఎలా ఉంటుంది?

2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదైన ప్రాజెక్టులో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా నమోదై ఉండాలి. అతని నంబరు అడగడం అనుమానించడం కాదు, జాగ్రత్త. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోరాదని కూడా ఆ చట్టం చెబుతున్నది. కాని నాచారం గల్లీలో చేతులు మారే పాత ఇంటి విషయంలో మధ్యవర్తికి ఆ నమోదు నియమం వర్తించదు. అక్కడ చట్టం చూడని చోటును అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకే కాపలా.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి. ఇల్లు లేనివారికి నీడను ప్రసాదించు. మధ్యన నిలిచి మాట్లాడే మా నాలుకలకు సత్యాన్ని, మా బేరాలకు బర్కత్‌ను అనుగ్రహించు. ఆమీన్.