ఆముదపు చేనిలో బదనిక కందిరీగ



మన పెద్దలు భ్రమరకీటన్యాయమును తఱచు ఉదాహరింతురు. మట్టిగూడు కట్టు భ్రమరము, అనగా కందిరీగ, ఒక పురుగును తెచ్చి గూటిలో మూసి ఝుంకారము చేయుచుండ, ఆ పురుగు దానినే తలంచి తలంచి తానును భ్రమరమగునని దాని భావము. వేదాంతమున ఆ ఉపమానమునకు గల స్థానము అట్లే యుండుగాక. గూటిలో జరుగు కథ మాత్రము వేఱు. కందిరీగ పురుగును కుట్టి, చేష్టలుడిగించి, తన బిడ్డకు ఆహారముగా దాచును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల దానిని తిని పెరిగి, రెక్కలతో వెలికి వచ్చును.

ఈ జాతికి బంధువులైన కొన్ని కందిరీగలు గూడైనను కట్టవు. బ్రదికియున్న పురుగు దేహమునే బిడ్డకు ఇల్లుగా చేయును. మామిడికొమ్మపై బదనికవలె పరుల ఒడలిపై బ్రదుకుటచే వ్యవసాయశాస్త్రజ్ఞులు వీనిని బదనికలని వ్యవహరించుచున్నారు.

తెలంగాణపు ఆముదపు చేలలో ఇట్టిది యొకటి కలదు. దాని శాస్త్రనామము స్నెల్లేనియస్ మాక్యులిపెన్నిస్. ఇది బియ్యపుగింజకన్న చిన్నది, మనుష్యులను కుట్టదు. ఆముదపు ఆకులను ఈనెలు మిగులునట్లు తినివేయు దాసరిపురుగును లేతదశలోనే వెదకి, దాని ఒడలిలో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనే పెరిగి, తుదకు చర్మమును తొలుచుకొని వెలువడి, పురుగు పొట్టక్రింద పట్టుగూడు అల్లుకొనును.

ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఆకులను త్రిప్పి చూడవలెను. పొట్టక్రింద తెల్లని గూడుతో, మేత మాని, మందకొడిగా నున్న దాసరిపురుగు కనబడవచ్చును. ఆ తెల్లనిది పురుగు పెట్టిన గ్రుడ్డు కాదు. గ్రుడ్లు పెట్టునది రెక్కల పురుగే గాని ఆకు తిను పురుగు కాదు. సందేహమున్నవారు ఆ పురుగును ఆకుతోకూడ గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి చూడవలెను. కొలది దినములలో గూటినుండి చిన్న కందిరీగ వెలువడును.

ఇది తెలియని రైతు ఆ గూళ్లను చూచి, పురుగు పిల్లలు పెట్టుచున్నదని భయపడి, అప్పు తెచ్చియైనను మందు చల్లును. దానితో పురుగుతోపాటు బదనికయు నశించును. రెక్కల పురుగులు మరల ఎగిరివచ్చి గ్రుడ్లు పెట్టును. చేనికి కాపు మాత్రముండదు. కావున మొక్కకు గూడుగల పురుగులు 1 లేక 2 కనబడినచో మందు చల్లవలదనియు, ఆకులలో నాలుగవవంతుకు మించి నష్టమైనపుడే మందు యోచింపవలెననియు శాస్త్రజ్ఞుల సలహా. పెద్ద పురుగులను చేతితో ఏరివేయునపుడు గూడుగలవానిని విడిచిపెట్టవలెను.

చదువరులు పిల్లలను వెంటగొని చేలకు పోయి, ఎన్ని పురుగులలో ఎన్నిటికి గూళ్లున్నవో తేదీతో వ్రాసి గ్రంథాలయమున నుంచవలెను. మరుసటి యేట మందు కొనబోవు రైతు ముందుగా ఆ పుటలు చూచుకొనును.