ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, చెయ్యి మాత్రం బయటికి తిరగట్లేదు: వెనక్కి జారిన భుజం

నేను కొవ్వూరులో ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ రోజు భుజం జారడంలో అరుదుగా కనబడే ఒక రకం గురించి మాట్లాడుకుందాం. అరుదైనదే కదా, మనకెందుకు అనుకోకండి. ఇది చాలామందిలో మొదటి రోజు దొరకదు. మొదట్లోనే దొరికితే సర్ది, కొన్ని వారాలు పట్టీ వేస్తే సరిపోయేది, ఆలస్యమైతే పెద్ద ఆపరేషన్ దాకా వెళ్తుంది.

భుజం కీలులో ఒక గుండ్రటి బంతి, దాన్ని ఆనుకుని లోతు లేని చిన్న గిన్నె ఉంటాయి. మనవాళ్లు "గూడ జారింది" అంటే సాధారణంగా ఆ బంతి ముందుకి జారిందని అర్థం. బండి మీంచి పడ్డప్పుడు ఎక్కువగా అయ్యేది ఇదే. చూస్తేనే తెలిసిపోతుంది, భుజం గుండ్రం పోయి పలకగా కనబడుతుంది. నూటికి ఇద్దరి నుంచి ఐదుగురిలో మాత్రం బంతి వెనక్కి జారుతుంది. మనం చెప్పుకునేది దీని గురించే.

ఇది ఎవరికి వస్తుంది? ముఖ్యంగా మూడు కారణాలు. ఫిట్స్ రావడం, కరెంటు షాక్ కొట్టడం, చెయ్యి ముందుకి చాపి పడటం. ఫిట్స్‌లోనూ షాక్‌లోనూ ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికన్నా చాలా బలమైనవి. అవి లాగిన లాగుడికి బంతి గిన్నె వెనక అంచు దాటిపోతుంది. ఒక్కోసారి రెండు భుజాలూ జారతాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పొలంలో మోటారు స్టార్టరు దగ్గర ఒక రైతుకి షాక్ కొట్టింది. ప్రాణం దక్కిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. భుజం నొప్పంటే ముందు నుంచి ఒక ఎక్స్‌రే తీశారు. అందులో బంతి గిన్నెకి ఎదురుగానే కనబడింది. "ఏమీ లేదు, కండరం పట్టేసింది" అన్నారు. నెల దాటినా చొక్కా వేసుకోవడం రావట్లేదు. భుజం బిగుసుకుపోయిందని వ్యాయామాలు మొదలుపెట్టించారు. నిజానికి అక్కడ బంతి వెనక్కి జారి, గిన్నె అంచుకి ఇరుక్కుని ఉంది. వ్యాయామంతో అది రాదండి.

ఎక్స్‌రేలో ఎందుకు తెలియలేదు? తలుపు వెనక నిలబడ్డ మనిషిని ఎదురుగా చూస్తే ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుందా? పక్కనుంచి చూడాలి. ఇదీ అంతే. ముందు నుంచి తీసిన ఫిల్ములో ఒక్కోసారి బంతి కరెంటు బల్బులా గుండ్రంగా కనబడి అనుమానం కలిగిస్తుంది గానీ, దాన్నే నమ్ముకోకూడదు. చంక వైపు నుంచి తీసే ఎక్స్‌రే కావాలి. చెయ్యి ఎత్తలేకపోతే పట్టీలో ఉంచే తీసే పద్ధతి ఉంది. సీటీ స్కాన్ చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

అసలు ఫిల్ము కన్నా ముందు చెయ్యే చెబుతుంది. ఇంగ్లండులో ఆస్ట్లీ కూపర్ ఫిట్స్ వచ్చిన మనిషిలో ఈ జారుడు గురించి 1839లోనే రాశారు. ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. అంటే చేత్తో చూసే పట్టుకున్నారు. ఏం చూడాలంటే, మోచెయ్యి ఒంటికి ఆనించి, ముంజేతిని తలుపు రెక్క తెరిచినట్టు బయటికి తిప్పమనండి. వెనక్కి జారిన చెయ్యి తిరగదు, పొట్ట మీదకే ఉండిపోతుంది. గుళ్లో తీర్థానికి చాపినట్టు చెయ్యి ముందుకి పెట్టి, అరచెయ్యి పూర్తిగా పైకి తిప్పడం కూడా కుదరదు. భుజం బిగుసుకుపోయే జబ్బులోనూ చెయ్యి తిరగదు కదా అంటారు. నిజమే, కానీ అది నెమ్మదిగా, నెలల తరబడి వస్తుంది. ఇది ఫలానా రోజు నుంచి అని చెప్పగలిగేలా మొదలవుతుంది.

వైద్యం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. జారి ఎన్నాళ్లయింది, గిన్నె అంచు గుచ్చుకుని బంతికి ఎంత సొట్ట పడింది. మొదటి మూడు వారాల్లో వచ్చి, సొట్ట బంతిలో పావు వంతు లోపుంటే మత్తిచ్చి నెమ్మదిగా సర్దుతాం. పావు నుంచి సగం దాకా ఉంటే, ముందు వైపు కండరాన్ని తెచ్చి ఆ సొట్టలో కుదిర్చే ఆపరేషన్ ఉంది. దాన్ని మెక్‌లాఫ్లిన్ 1952లో వివరించారు. సగం దాటి పాడైతే చాలామందికి కీలు మార్చాల్సి వస్తుంది. సర్దాక చెయ్యిని మామూలు జోలెలో పొట్టకి ఆనించి కట్టకూడదు, మళ్లీ జారుతుంది. కొద్దిగా బయటికి తిరిగి ఉండేలా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టీ వేస్తాం.

ఇంట్లో చెయ్యాల్సినవి కూడా వినండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతులు కాళ్లు నొక్కి పట్టకండి, తాళాలు చేతిలో పెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ ఆగాక భుజం రెండు వైపులా చూడండి. జారిందని అనుమానం వస్తే నాటు కట్టు దగ్గరికి తీసుకెళ్లి లాగించకండి. ఇరుక్కున్న బంతిని బలంగా లాగితే ఎముక మెడ దగ్గర విరగొచ్చు. ఫిట్స్‌కి కారణం ఏమిటో నరాల డాక్టరు దగ్గర తేల్చుకోకపోతే, సర్దిన భుజం ఇంకోసారి జారుతుంది.

చివరిగా ఒక్క మాట. ఫిట్స్ వచ్చాక గానీ షాక్ కొట్టాక గానీ చెయ్యి బయటికి తిరగట్లేదంటే, "ఎక్స్‌రే బాగుంది" అన్నా అక్కడితో ఆగకండి. "డాక్టరు గారూ, పక్కనుంచి కూడా ఒకటి తీస్తారా?" అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదండి.