పంచాయతీ గోడకు కంప్యూటరు కుంచె

(జల్‌పల్లిలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలలో గెలిచి వచ్చినవారు మీలో చాలమంది యున్నారు. నాటి పూలదండలు ఏనాడో వాడిపోయినవి. నేడు మీ బల్ల మీద నున్నవి కాగితములు. గ్రామసభ తేదీ, ఇంటి పన్ను గడువు, నీళ్ల ట్యాంకు కడుగు దినము, కుక్కలకు టీకాలు వేయు చోటు, వీని నన్నిటిని జనులకు తెలియజేయుట మీ విధి. కాని పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించిన ప్రకటన ముందు ఒక పూట నిలబడి చూడుడు. పదిమంది పోవుదురు, ఒక్కరు ఆగుదురు. ఆగిన ఆ ఒక్కరును ఎదుటివారిని "ఏమున్నది దాంట్ల?" అని అడిగి పోవుదురు. చదువు రాక కాదు. ఇరువది పంక్తుల సన్నని అచ్చులో తేదీ ఎక్కడ నున్నదో వెదకుటకు తీరిక లేక.

ఒక బొమ్మ, నాలుగు పెద్ద అక్షరములు, ఒక బాణము గుర్తు ఈ పనిని చేయగలవు. వానిని మీరే కంప్యూటరు మీద వేసికొనవచ్చునని చెప్పుటకే నేను వచ్చితిని. "ఇది ఫ్లెక్సీ దుకాణము వారి పని గదా!" అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. నిజమే, వారు చక్కగా చేయుదురు. అయితే వారి చేతిలో పడిన ప్రకటనలో ఫొటోలు ఎంత పెద్దవగునో, తేదీ ఎంత చిన్నదగునో మీకు నేను చెప్పనక్కరలేదు!

ఈ పాఠమునకు జల్‌పల్లి తగిన చోటు. ఇదియు మీ ఊళ్ల వంటి పంచాయతీయే. 2016లో పురపాలక సంఘమైనది, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. పెద్ద చెరువు మాత్రము తన చోటనే యున్నది. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షములకు ఈ జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్ నగర్ నీట మునిగి, ఆ నీరు నెలల తరబడి తీయలేదు. పొరుగున బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి దిగువ బస్తీల మీదికి వరద వచ్చినది. అటువంటి రాత్రి మనిషికి కావలసినది ఉపన్యాసము గాదు. ఏ వీధి పల్లము, ఏ దారి మెరక, పిల్లలతో ఎక్కడికి పోవలెను అని చూపు ఒక్క బొమ్మ. ఆ బొమ్మను వేయుటయే నేటి మన పాఠము.

సాఫ్ట్‌వేరు మాట ముందు చెప్పెదను. ఫొటోషాప్ పేరు మీరు వినియుందురు. అది 1990లో వచ్చినది, దానికి సొమ్ము చెల్లింపవలెను. దొంగప్రతి పెట్టుకొన్న కంప్యూటరు ప్రభుత్వ కార్యాలయమున ఉండరాదు. మనకు గింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు గలదు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థు లిరువురు 1995లో మొదలిడి 1996లో దీనిని లోకమున కిచ్చిరి. దాని మూడవ తరము 2025 మార్చిలో వెలువడినది. విండోస్‌లోను, లినక్సులోను పనిచేయును. చందా లేదు, గడువు లేదు.

కంప్యూటరులోని బొమ్మ అనగా నేమి? పోచంపల్లి చీర కొంగును దూరము నుండి చూచిన రేకులు నున్నగా నుండును. కంటికి దగ్గరగా పెట్టుకొని చూచిన అంచులు మెట్లు మెట్లుగా కనబడును. ఇక్కడను అంతే. బొమ్మ యంతయు చిన్న చిన్న గళ్లు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు. ఈ గడిని పిక్సెల్ అందురు. గళ్లు తక్కువైన బొమ్మను సాగదీసిన అది చెదరిన నేతవలె నుండును. ఏ4 కాగితము మీద స్పష్టముగా అచ్చు కావలెనన్న అడ్డముగా 2480, నిలువుగా 3508 గళ్లు పెట్టుకొని కొత్త బొమ్మ తెరువుడు. చిన్నదానిని తరువాత పెంచుకొందమన్న పెరుగదు.

ఇక లేయరు, అనగా పొర. దీనిని పట్టుకొన్నవారికి మిగిలినదంతయు సులభము. రెవెన్యూ వారు ఊరి నక్షా మీద పలుచని ట్రేసింగు కాగితము పరచి దాని మీద గీయుట మీరు చూచియుందురు. క్రింది నక్షా చెడదు. గీత తప్పినచో పైకాగితమును తీసివేయుదురు. లేయరు సరిగా అటువంటిదే. అడుగున మీ ఊరి ఉపగ్రహ చిత్రము నుంచుడు. మన బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రము వారు నడుపు భువన్ అను పటముల వేదిక 2009 నుండి యున్నది, అందు మీ ఊరిని వెదకవచ్చును. దాని మీద ఒక ఖాళీ లేయరు వేసి చెరువును గీయుడు. ఇంకొక లేయరు మీద దారులు. మరియొక దాని మీద అక్షరములు. రేపు బడికి బదులు కమ్యూనిటీ హాలును ఆశ్రయముగా నిర్ణయించినచో బాణమున్న లేయరు నొక్కదానిని మార్చిన చాలును.

గీయుటకు రెండు సాధనములు. ఎన్ అక్షరము నొక్కిన పెన్సిలు వచ్చును, దాని గీతకు అంచు కరకుగా నుండును. పి నొక్కిన కుంచె వచ్చును, దాని అంచు మెత్తన. చేయి వణకుచున్నదని భయపడకుడు. ఒకచోట నొక్కి, షిఫ్టు మీటను పట్టుకొని, రెండవ చోట నొక్కిన రెంటి నడుమ తిన్నని గీత తానే పడును. వంకరలున్న చెరువు గట్టును చిన్న చిన్న తిన్నని గీతలతో చుట్టి రావచ్చును. తప్పు జరిగినచో కంట్రోల్ మీటతో జడ్ నొక్కుడు, చేసిన పని వెనుకకు పోవును. మన పాలనలో ఇటువంటి మీట లేకపోవుట ఒక లోటు.

చుట్టి వచ్చిన గట్టు లోపల నీలిరంగు నింపుటకు బకెట్ సాధనము గలదు. షిఫ్టుతో బి నొక్కిన వచ్చును. గట్టులో వెంట్రుక వాసి సందున్నను రంగు గండి పడిన చెరువు వలె కాగితమంతయు పారును! అపుడు బకెట్టును తిట్టి లాభము లేదు. వెనుకకు పోయి, బొమ్మను పెద్దది చేసి చూచి, గండి పూడ్చి మరల నింపుడు.

నిన్నటి తరగతిలో ఒక వార్డు సభ్యురాలు అరగంట సేపు కుంచె రాచినను గీత పడలేదు. కంప్యూటరు పాడైనదనిరి. కారణ మేమనగా, అంతకు ముందు ఆర్ సాధనముతో ఒక మూల చతురస్రము ఎంపిక చేసి మరచిపోయిరి. ఎంపిక యున్నంత వరకు దాని వెలుపల కుంచె అంటదు. కంట్రోల్, షిఫ్టు, ఏ మూడును కలిపి నొక్కిన ఆ ఎంపిక తొలగును. అప్పటికిని పడనిచో మీరున్నది వేరొక లేయరు మీద అని గ్రహింపుడు. కొత్తవారి కష్టములలో ముప్పాతిక ఈ రెండే.

అక్షరములకు టి నొక్కవలెను. తెలుగున మనకు పాత చిక్కొకటి గలదు. అచ్చు దుకాణములలో చిరకాలము నుండి వాడుచున్న అను ఫాంట్లతో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినపుడు అర్థము లేని ఇంగ్లీషు గుర్తులుగా మారును. కావున యూనికోడ్‌లోనే వ్రాయుడు. రామభద్ర, మండలి వంటి మంచి ఫాంట్లు ఉచితముగా దొరకును. శీర్షికకు రామభద్ర లావుగా, నిండుగా నుండును. పసుపు మీద నలుపు, నీలము మీద తెలుపు దూరము నుండి చదువవచ్చును. ఆకుపచ్చ మీద ఎరుపు పెట్టకుడు. రంగుల భేదము తెలియని కన్నులు గలవారు మగవారిలో కొందరు ఉందురు, వారికి ఆ అక్షరములు కనబడుట కష్టము. ఉర్దూ చదువరులున్న ఊళ్లలో ఉర్దూ పంక్తి కూడ వేయుడు. 2017 శాసనము వలన అది రాష్ట్రమంతటికి రెండవ అధికార భాష. పాతబస్తీ ఛత్తా బజారులో పెండ్లి పత్రికలు అచ్చువేయువారికి రెండు లిపులును ఒకే కాగితము మీద పొందుగా కూర్చుట అలవాటే. వారి పనిని ఒకసారి చూచి రండి.

పని ముగిసిన పిదప రెండు ప్రతులు దాచవలెను. లేయర్లతో కూడిన ప్రతి ఎక్స్‌సిఎఫ్ అను రూపమున మీ యొద్ద నుండును, మరల దిద్దుకొనుటకు అదియే. పంచుటకు పిఎన్‌జి రూపమున ఎగుమతి చేయుడు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన అది నలిగి చిన్నదగును, డాక్యుమెంటుగా పంపుడు.

ఒక జాగ్రత్త. మీరు గీసిన నీలి గీత చెరువు హద్దు కాదు. దాని ప్రక్కన ఎఫ్‌టిఎల్ అని వ్రాయకుడు. పూర్తి నీటిమట్టపు హద్దును సర్వే జరిపి అధికారులు నిర్ణయింతురు. చెరువుల అంచున కొట్లాటలు, కూల్చివేతలు జరుగుచున్న ఈ రోజులలో పంచాయతీ ముద్రతో వెలువడిన ఒక తప్పు గీత ఒకరి ఇంటిని ముంచవచ్చును, మరియొకరి ఆక్రమణకు సాక్ష్యము కావచ్చును. "అవగాహన కొరకు మాత్రమే" అని పెద్ద అక్షరములతో వ్రాసి, తేదీ వేయుడు.

ఇప్పుడు చెప్పబోవునది మీకు బోధించుటకు ముందు నేను సిగ్గుపడవలసిన సంగతి. గింప్‌లో సి నొక్కిన క్లోన్ సాధనము వచ్చును. ఒకచోటి రూపమును తీసి ఇంకొకచోట ముద్ర వేయును. పాత ఫొటోలోని మరకను మాపుటకు బాగుగా ఉపయోగపడును. నేను పూర్వము పనిచేసిన ఒక కార్యాలయమున ఒక ఊరి బడి ఫొటో అచ్చునకు వచ్చినది. గోడ ప్రక్క చెత్తకుప్ప యుండినది. బొమ్మ అందము చెడుచున్నదని పది నిమిషములలో దాని మీద పచ్చగడ్డి ముద్రలు వేసితిని. పుస్తకము వెలువడిన నెలకు ఆ ఊరి వార్డు సభ్యురాలు ఫోను చేసినది. "సారూ, మీ పుస్తకంల కుప్ప లేదు. మా బడి పక్కన ఉన్నది. ట్రాక్టరు పంపుమంటే మీ ఫొటో చూపిచ్చి సాఫైందంటున్నరు" అన్నది. నా యొద్ద జవాబు లేదు. అసలు ఫొటోను పంపి, పొరపాటు నాదని వ్రాసి యిచ్చిన పిదప ఇంకొక మూడు వారములకు ఆ కుప్ప కదలినది. అంతవరకు ఆ బడిపిల్లలు దాని ప్రక్కనే అన్నము తినిరి.

పెద్దవారును ఇందు పడిరి. 2006 ఆగస్టులో బీరూట్ నగరము మీది బాంబుల పొగను ఒక ఛాయాగ్రాహకుడు ఈ సాధనముతోనే ఎక్కువ చేసి పంపగా, రాయిటర్స్ వార్తాసంస్థ వారు అతని 920 చిత్రములను తమ అమ్మకము నుండి తొలగించిరి. మన ఇంటి సంగతి చూతము. ఉపాధి హామీ సామూహిక పనులలో 2023 జనవరి 1 నుండి ఫోనులో ఫొటోతో హాజరు వేయుట తప్పనిసరి చేసిరి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ వారు, పనికి సంబంధము లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కించుచున్నారని రాష్ట్రములకు వ్రాసిరి. పనిచేసిన కూలివాని చెమటకు, పనిచేయనివాని పేరుకు తేడా చెరిపివేయు పని యది.

కాబట్టి నా మాట యిది. ప్రకటన బొమ్మను మీ ఇష్టము వచ్చినట్లు అలంకరించుడు. పనికి సాక్ష్యముగా పెట్టు ఫొటోను ముట్టుకొనకుడు. వెలుతురు పెంచుట కూడ ప్రతి మీదనే గాని అసలు మీద కాదు. ఫోను తీసిన ఫొటోలో తేదీ, కొన్నిచోట్ల స్థలము కూడ దాగి యుండును. దిద్ది ఎగుమతి చేసినపుడు అవి పోవచ్చును. అసలును వేరొక సంచికలో భద్రపరచుడు.

దాచవలసినవి మాత్రము గట్టిగా దాచవలెను. లబ్ధిదారుల జాబితాను గోడకు అంటించునపుడు, గ్రూపులో పంపునపుడు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య కనబడరాదు. కొందరు ఫోనులోని హైలైటరుతో నల్లగా రాచి చాలునందురు. ఆ రంగు అద్దము వంటిది, వెలుతురు పెంచిన క్రింది అంకెలు బయటపడును. మసక చేయుటయు చాలదు. ఆర్ సాధనముతో ఆ చోటును ఎంపిక చేసి, బకెట్టుతో నిండు నలుపు నింపి, పిఎన్‌జిగా ఎగుమతి చేసి ఆ ప్రతినే పంపుడు. ఎక్స్‌సిఎఫ్ పంపినచో నల్లని లేయరును తీసి చూచువారుందురు. బడిపిల్లల ఫొటోలు వాడుటకు ముందు తల్లిదండ్రుల నడుగుడు.

మీ ముందున్న కంప్యూటర్లలో ఈ జల్‌పల్లి చెరువు చిత్రము యొక్క ప్రతి తెరచి యున్నది. అసలు నా యొద్ద భద్రముగా నున్నది గాన భయము లేదు. ఖాళీ లేయరు ఒకటి వేసికొనుడు. పి నొక్కి, తూర్పు కట్ట నుండి మొదలిడి, షిఫ్టు పట్టుకొని గట్టు వెంట రండి. గండి ఎక్కడ పడినదో బకెట్టు చెప్పును.