పింఛను లేని రోజులు



పింఛను విలువ తెలియాలంటే అది లేని కాలం చూడాలి. ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ సముద్రతీరంలో సెయింట్ జస్ట్ అనే పారిష్ ఉంది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని పల్లెలు. విక్టోరియా రాణి కాలంలో అక్కడి బొటలాక్ గనిలో మగవారు తగరం, రాగి కోసం సముద్రం అడుగున సొరంగాలు తవ్వేవారు. ఆడపిల్లలు ఒడ్డున సుత్తులతో ఖనిజం పగలగొట్టేవారు. కొందరికి చిన్న చెక్క సేద్యం కూడా ఉండేది.

రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, ఒళ్లు సహకరించకపోతే కూలి ఆగిపోయేది. 1866లో రాగి ధర పడిపోయాక పడుచువాళ్లు ఎందరో వలసపోయారు. తర్వాతి కాలంలో కొందరు మన కోలారు బంగారు గనులకూ వచ్చారు. ఊళ్లో చూసే దిక్కులేని ముసలివారికి మిగిలింది పేదల నిధి నుంచి విదిలించే చిల్లర. అదీ కాకుంటే మాడ్రన్‌లోని అనాథాశ్రమం. దాని గడప తొక్కడం పరువు తక్కువని కుమిలిపోయేవారు.

1908 చట్టంతో, 1909 జనవరి 1 నుంచి, 70 ఏళ్లు నిండిన పేదలకు పోస్టాఫీసులో వారానికి 5 షిల్లింగుల దాకా పింఛను అందింది. అది తీసుకోవడానికి ఎవరి ముందూ తల దించుకోనక్కరలేదు.

మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తేల్చినదీ ఇదే: పింఛను దయాధర్మం కాదు, హక్కు. ఈ మాట మన పిల్లలకూ చెప్పుదాం.