చిట్టివలస చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. పగలు అంకెలతోను, రాత్రులు ఈ గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన భారత భాగవతములతోను కాలము గడపినవాడను. గురువు లేని చదువు గనుక దోషము లుండును, పెద్దలు మన్నింపవలెను. కవిత్వమును గూర్చి ప్రసంగించుటకు నాకు ధైర్యము చాలదు. లెక్కలవాడు చెప్పదగిన విషయమునే యెన్నుకొంటిని. ఒక చిన్న కర్మాగారపు ఊరు ఎట్లు పుట్టినది, ఎట్లు బ్రతికినది, దాని లెక్క యెవరు వ్రాసిరి అనునదే నేటి నా విషయము. ఆ ఊరు చిట్టివలస.

చిట్టివలస భీమునిపట్టణమునకు చేరువను, గోస్తనీనది యొడ్డున నున్నది. గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగివచ్చి భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. మన శారదానదివలెనే అదియు తూర్పు కనుమల బిడ్డయే. 2022లో జిల్లాలను విభజించినప్పుడు మన దేవరాపల్లి అనకాపల్లి జిల్లాలో చేరినది; చిట్టివలస విశాఖపట్టణము జిల్లాలోనే నిలిచినది. కాగితముమీద గీత పడినంతమాత్రమున చుట్టరికము తెగదు గదా!

మన యుత్తరాంధ్రమున వలస అను మాటతో ముగియు ఊళ్లు మెండు. ఉన్నచోటు విడిచి వచ్చి, క్రొత్తచోట గుడిసెలు వేసికొని నిలిచినవారి ఊరు వలస. చిట్టివలసకు ఆ పేరు ముందుగనే యున్నది. తరువాత వచ్చిన మిల్లు ఆ పేరును రెండవమారు సార్థకము చేసినది.

గోస్తనీతీరమున నార మిల్లు వెలయుటకు గల కారణములలో ఒకటి దూరపు రష్యా దేశమున నున్నది. స్కాట్లండులో డండీ అను పట్టణము కలదు. అచటి మగ్గములకు అవిసెనార, జనపనార రష్యానుండి వచ్చుచుండెడివి. 1853 మొదలు 1856 వరకు క్రిమియా యుద్ధము జరిగినది. ఆంగ్లేయులకును రష్యావారికిని వైరము కలిగి ఆ సరకునకు అడ్డు వచ్చినది. అప్పటికే డండీవారు బంగాళపు జూటునారను తిమింగిలపు నూనెతో మెత్తబరచి యంత్రములపై వడకుట నేర్చియుండిరి. యుద్ధముతో వారికి జూటే ప్రధానాధార మయ్యెను. 1855లో హుగ్లీ యొడ్డున రిష్రాలో మన దేశపు మొదటి జూటు మిల్లు వెలసెను. నార పండు దేశముననే నేత సాగినచో లాభమని వర్తకులు గ్రహించిరి. ఆ తలంపు తీరము వెంట దక్షిణమునకు నడచి వచ్చినది. 1867లో చిట్టివలస మిల్లు ఏర్పడెను.

బంగాళమువలె జూటు పండని మన సీమలో నార యెక్కడిదని మీరడుగవచ్చును. మన పెరటి గోంగూర జాతికి చెందిన గోగు మొక్కయే దానికి మూలము. తొలకరికి విత్తి, పూతకాలమున కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరవేసి, నార ఒలిచి, ఉతికి ఆరవేయుట మన మెట్ట రైతు లెరిగిన పనియే. ఆ ఊరవేసిన చెరువు వాసన యెరిగినవారు ఈ సభలో కొంద రుందురు. భీమునిపట్టణపు రేవునుండి ఓడ లెక్కినందున ఆ నారకు విదేశపు బజారులలో బిమ్లీ జూటు అను పేరు స్థిరపడెను. డచ్చివారు పదునేడవ శతాబ్దమున వర్తకశాల నెలకొల్పిన రేవు అది. 1825లో ఆంగ్లేయుల వశ మయ్యెను. 1861లోనే పురపాలక సంఘము గల పట్టణ మయ్యెను. పండించిన రైతు గోగు అనును. కొన్న దొర బిమ్లీ అనును. సరకు ఒక్కటే, చిట్టాలో పేరు మారినది.

మిల్లు వచ్చినపిమ్మట చుట్టుప్రక్కల గ్రామములనుండి కూలిజనము వచ్చి చేరిరి. పొలము లేనివారు, అప్పులలో పొలము పోయినవారు, పొలమున్నను వాన లేనివారు. సూర్యుని బట్టి లేచు మనుష్యులు కూతను బట్టి లేచుట నేర్చిరి. నారకు నూనెయు నీరును పట్టించుట, దువ్వుట, వడకుట, నేయుట, గోనె సంచులు కుట్టుట అని పని ఖాతాలుగా విడిపోయెను. జూటు మిల్లులలో మగ్గముల రొద ఎంతటిదనగా, డండీలో నేతగత్తెలు చేసైగలతోనే మాటలాడుకొనెడివారట. బట్వాడానాడు బజారు కళకళలాడును. బట్వాడా తప్పిన నాడు దుకాణదారుని ముఖమును వాడును. ఒక్క కూతపై ఇంతమంది వంటలు ఆధారపడుట ఇట్టి ఊళ్ల బలమును, బలహీనతయు.

కాలము మారినది. 1893 ప్రాంతమున వచ్చిన రైలుమార్గము భీమునిపట్టణమునకు పోలేదు. 1933లో విశాఖ నౌకాశ్రయము తెరవబడగా ఓడలు అటు మరలినవి. రేవు చిక్కినను మిల్లు నిలిచినది. 1947లో దేశవిభజన జరిగినప్పుడు జూటు పొలములలో అధికభాగము తూర్పు పాకిస్థానునకు పోయి, మిల్లులు మనకు మిగిలినవి. అప్పుడు మన గోగునారకు గిరాకి హెచ్చినది. పిమ్మట ప్లాస్టికు సంచి వచ్చినది. ధాన్యమును, చక్కెరను గోనె సంచులలోనే నింపవలెనని 1987లో కేంద్రప్రభుత్వము చట్టము చేసినది. చట్టము కొంత ఊపిరి పోసినదేగాని వ్యాధి కుదుర్చలేదు. 2009 ఏప్రిలులో చిట్టివలస మిల్లు లాకౌటు ప్రకటింపబడినది. నూటనలువది యేండ్లకు పైబడిన మిల్లు నిశ్శబ్ద మయ్యెను.

కొన్నేండ్ల క్రిందట నేనొక పెండ్లికి ఆ ప్రాంతమునకు పోయి, తగరపువలసలో టీదుకాణమువద్ద కూర్చుంటిని. ప్రక్కనున్న వృద్ధుడొకడు తాను మిల్లు మనిషినని చెప్పెను. "మీ పేరేమి బాబూ?" అని యడిగితిని. ఆయన పేరుకు ముందు తన బిల్ల సంఖ్య చెప్పెను. చెప్పి తానే నవ్వెను. "అలవాటైపోయింది బాబూ. లోపల పేరుతో పనేముంది?" అనెను. "మిల్లును గూర్చి ఎవరైన ఏమైన వ్రాసిరా?" అని నేనడుగగా, "రాసేవోళ్లు లోపలికి రాలేదు. లోపలున్నోళ్లకి రాయడం రాదు" అనెను.

ఆ మాట నన్ను ఇంటివరకు వెంబడించినది. లెక్కలవాడను గనుక నాకు సిగ్గు కూడ కలిగినది. ఎన్ని బేళ్లు వచ్చెను, ఎన్ని సంచులు పోయెను అను లెక్క కంపెనీలకు ఎప్పుడును ఉండును. ఎవరు ఏ ఊరినుండి వచ్చిరి, మొదటి గుడిసె యెవరు వేసిరి, ఏ తల్లి ఏ పాట పాడి బిడ్డను నిద్రపుచ్చి రాత్రి పనికి పోయినది అను లెక్కకు ఆ పుస్తకములలో గడి లేదు.

భారతమున మౌసలపర్వము చదివినవారికి ద్వారక జ్ఞాపకము వచ్చును. అదియు వలస పురమే. జరాసంధుని బాధ పడలేక మధురను విడిచి వచ్చినవారు కట్టుకొన్నది. కడకు సముద్రము దానిని మ్రింగినది; మిగిలినవారిని అర్జునుడు వెంటబెట్టుకొని పోయెను. నగరము పోయినను దాని కథ పోలేదు. వ్యాసుడు వ్రాసెను, తిక్కన తెనిగించెను, మనము ఈ గదిలో కూర్చుండి చదువుచున్నాము. ద్వారకకు వ్యాసుడు దొరకెను. చిట్టివలసకు ఎవరు?

ఇది పరుల ఊరి మాట యని తలపవలదు. చెరకు మన ప్రాంతపు పంట. ఏటికొప్పాకలో 1933లోనే సహకార పద్ధతిపై చక్కెర సంఘ మేర్పడినది. మన చోడవరము చెంత గోవాడలో రైతుల వాటాలతో సహకార చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఎన్ని ఇండ్లు, ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని అప్పులు తీరినవో, ఎన్ని తీరలేదో! చిట్టివలస మిల్లు పరుల సొత్తు. గోవాడ రైతుల సొత్తు. కాని రైతుల సొత్తైనంతమాత్రమున దాని కథ తానై వ్రాయబడదు. కర్మాగారము నడచునా, ఆగునా అనునది మన చేతిలో కొంతయే యున్నది. అక్కడ బ్రతికినవారి పేరు నిలుపుట మాత్రము పూర్తిగా మన చేతిలోనిదే.

గ్రంథాలయమనగా ఇతరులు వ్రాసినవి తెచ్చి చదువుకొను చోటు అని ఇరువదియైదేండ్లుగా తలచితిమి. తప్పు లేదు. ఇకముందు మన ఊరు తనను తాను వ్రాసికొను చోటు కూడ కావలెనని నా మనవి. మొదట తొలి చెరకు బండి తోలినవారిని, గోగునార ఒలిచిన అవ్వలను, వలసపోయి తిరిగి వచ్చినవారిని విద్యార్థులు పోయి యడుగవలెను. పేరు, ఊరు, సంవత్సరము, చెప్పిన మాట ఈ నాలుగును వ్రాసిన చాలును. అలంకారము లక్కరలేదు. వృద్ధులు మనకొఱకు వేచియుండరు గనుక పని ఈ యేడే మొదలు కావలెను.

నా వంతుగా గట్టి అట్టగల ఒక ఖాతాపుస్తకమును కొని తెచ్చి ఈ బల్లమీద నుంచితిని. పైన "ఊరి చిట్టా" అని వ్రాసితిని. మొదటి పుటలో టీదుకాణమువద్ద నేను విన్న రెండు మాటలను తేదీతో ఎక్కించితిని. రెండవ పుట ఖాళీగా నున్నది. సభ ముగిసినపిమ్మట మీలో ఎవరైన ముందుకు వచ్చి దానిని పూర్తిచేయుడు.