సూటిగా అడగండి



ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేము స్కాలర్‌షిప్ ఫైళ్ల మధ్యనే గడిపాము. ఫీజు మంజూరు కాక, కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వక, తండ్రి వెనుక తలవంచుకుని నిలబడిన విద్యార్థులను ఎందరినో చూశాము. ఫైలు కదిలిందా లేదా అన్నదే మా ధ్యాస. ఆ పిల్లవాడు రాత్రి నిద్రపోతున్నాడా అని ఒక్కనాడూ అడగలేదు.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజుల్లోనే ఇరవై మందికి పైగా పోయారు. మార్కుల నమోదులో తప్పులున్నట్లు తరువాత తేలింది. అయినా నేరమంతా పరీక్షపైనే వేసి ఊరుకోలేము. దిగులు జబ్బు, హాస్టలులో ఒంటరితనం, అప్పు, మతం పేరిట ఎగతాళి, ఇంట్లో పోలికలు, ఇవన్నీ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి.

మన ఇళ్లలో మరొక చిక్కు ఉన్నది. ఆత్మహత్య హరామ్, అందులో వాదన లేదు. కాని ఆ మాటతోనే మనం తలుపు మూసివేస్తున్నాము. ఈమాన్ లేదంటారేమోనని పిల్లలు నోరు విప్పరు. మా వీధిలో ఒక తండ్రి తన కుమారుడు గుండెపోటుతో పోయాడని నేటికీ చెబుతాడు. మేమెవరమూ సరిదిద్దము. చనిపోవాలన్న ఆలోచన రావడం పాపం కాదు, బాధ ముదిరిందనడానికి గుర్తు. జబ్బుకు వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధే కదా. దుఆ చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్లండి.

తాను అందరికీ భారమనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, తిండీ నిద్రా మారడం, స్నేహితులను తప్పించుకోవడం కనిపిస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఉపన్యాసం వద్దు, మావంటి వారిది అసలే వద్దు. ఒంటరిగా వదలకండి. ప్రమాదకరమైన వస్తువులు అందకుండా తీసివేయండి. ఆ రోజే మానసిక వైద్యునికి చూపించండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వారు రాత్రయినా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పోలీసు కేసు భయంతో దాచవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతున్నది.

ఇక కళాశాలల సంగతి. విశాఖపట్నంలో చనిపోయిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వందమందీ ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది. మార్కులను బట్టి బ్యాచీలుగా విడదీయరాదన్నది. మన పట్టణంలోని కళాశాలల్లో కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో వచ్చే సోమవారం నుండి వెళ్లి అడుగుదాము. తల్లులు కూడా వస్తే మంచిది. దరఖాస్తులు రాసే పని మాకు వదిలేయండి, అది మాకు చేతనైన పని.