దెబ్బ తిన్న కంటికి లేజర్ శుక్లం ఆపరేషన్

బిళ్లంగోడు బిళ్లో, దీపావళి టపాకాయో కంటికి తగిలితే చిన్న వయసులోనే శుక్లం రావచ్చు. ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఇలాంటి కంట్లో కటకాన్ని (లెన్స్‌ను) పట్టి ఉంచే సన్నని దారాలు తెగి, అది వదులై కదులుతుండవచ్చు. అప్పుడు ఆపరేషన్‌లో దాని పైపొరను చేత్తో గుండ్రంగా చింపడం కత్తిమీద సామే. ఫెమ్టోసెకండ్ లేజర్ అనే పరికరం ఆ పొరలో సుమారు 5 మిల్లీమీటర్ల ద్వారాన్ని సెకన్లలో కోస్తుంది. దారాల మీద లాగుడు తక్కువ. కటకాన్నీ ముక్కలు చేసిపెడుతుంది. ఆ ముక్కలను తీసేదీ, కొత్త కటకం అమర్చేదీ మాత్రం డాక్టరే.

నల్లగుడ్డు మీద పువ్వు ఉంటే లేజర్ సరిగా దిగదు. ఖర్చూ ఎక్కువే. అందుకే లేజరే కావాలని పట్టుబట్టకండి. ముందు కంటి వెనుక పొర అయిన రెటీనా ఎలా ఉందో డాక్టరును అడగండి. దెబ్బ తగిలిన కంటిని నలపకండి, ఆకుపసర్లు పోయకండి, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.